కాలువ కట్టేసిన నెల

తాటిదిబ్బ, ముమ్మిడివరం దారి
20-7-1975

సత్యవతి వదినకి విజయ వందనాలు.

చేరి నెల దాటాక ఇప్పుడా ఉత్తరం అని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో. బడి తెరిచిన దగ్గర్నుంచి ఊపిరాడలేదు. మూడు తరగతులు ఒకే పాకలో కూర్చుంటాయి. వాన పడితే మూడూ ఒకే మూలకి చేరతాయి. ఇల్లు ఫరవాలేదు, కొబ్బరితోటలో రెండు గదులు. మా ఆయన, అదే మీ అన్నయ్యగారు, రోజూ సైకిలు తొక్కుకుంటూ ముమ్మిడివరం వెళ్ళి, కాంపౌండరు పని చూసుకుని, చీకటి పడే వేళకి వస్తున్నారు.

మా అన్నయ్య ముందు గుడి సంగతే అడుగుతాడు కాబట్టి రాస్తున్నాను. ఇక్కడ మన మిషను సంఘం లేదు. ఉన్నది వేరే సంఘం. బోర్డు మీద వాళ్ళకీ బాప్టిస్టు అనే ఉంది. పాటలు మనవే, బైబిలు మనదే. మనలాగే పెద్దయ్యాక నీళ్ళలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. కాని వాళ్ళ పాస్టరు చేతుల్లో మునిగితేనే మునిగినట్టు. ఇంకో సంఘంలో మునిగి వచ్చినవాళ్ళు మళ్ళీ మునగాలి. లేకపోతే ప్రభువు బల్ల దగ్గర రొట్టె ముట్టుకోకూడదు.

మీ అన్నయ్యగారికి ఏ పట్టింపూ లేదు కదా. “ఇంకోసారి మునిగితే అరిగిపోతానా? ఉక్కపోతగా ఉంది కూడానూ” అని వచ్చిన రెండో వారమే మునిగి వచ్చారు. నాకు చేతకాలేదు. ఎందుకో చెప్పమంటే చెప్పలేను. నెలలో మొదటి ఆదివారం రొట్టె పళ్ళెం బయటికి తీయగానే నేను లేచి బయట అరుగు మీద, చెప్పుల పక్కన కూర్చుంటున్నాను. మా బడిపిల్లలు కిటికీలోంచి నన్ను చూస్తున్నారు. టీచరుగారు ఏం తప్పు చేశారో అనుకుంటున్నట్టున్నారు.

ఇంకొకటి. అన్నం వండే ముందు గుప్పెడు బియ్యం దేవుడికని పక్కన పెట్టే అలవాటు ఇక్కడి ఆడవాళ్ళకి లేదు. నా చెయ్యి మాత్రం ఊరుకోవడం లేదు, రోజూ డబ్బాలో వేస్తోంది. వేస్తే ఎవరికివ్వాలి? ప్రభువు బల్లలో పాలు పొందనిదాని కానుక వీళ్ళు తీసుకోరు. అందుకని కొబ్బరికాయల లారీ మీద అటు వచ్చే నూకయ్య చేత డబ్బా పంపుతున్నాను. మన గుడి కుండలో పొయ్యి. ఖాళీ డబ్బా తిరిగి పంపు.

విజయ


మొగలిమూల, రాజోలు తాలూకా
8-8-1975

చెల్లెలు విజయకి, మీ వదిన రాసేది.

డబ్బా అందింది. పురుగు లేదు. స్త్రీల సమాజం కూడికలో అందరి ముందూ కుండలో పోసి, ఇది మన విజయది అని చెప్పాను. వరహాలమ్మగారు “ఎంత దూరమెళ్ళినా పిల్ల మనదేనండీ” అన్నారు. నువ్వు పంపినన్నాళ్ళూ సమాజం పుస్తకంలో నీ పేరు ఉంటుంది. అది రాసేది నేనే కాబట్టి ఎవరూ తీయలేరు.

అన్నయ్యగారు మునిగిన సంగతి విని మీ అన్న నవ్వాడు. తరవాత ఆలోచించి కోప్పడ్డాడు. మొన్న మునిగింది నిజమైతే అంతకు ముందు మునిగింది ఏమిటి, స్నానమా అన్నాడు. నేను చెప్పేదీ అదే. మగవాళ్ళ సంగతి వదిలెయ్యి, నువ్వు మాత్రం మునక్కు. నీకు గుర్తుందో లేదో, నాకుంది. మే నెల. కాలువ కట్టేశారు, చుక్క నీళ్ళు లేవు. ఊరి చెరువులో మనల్ని దిగనివ్వరు. జూన్‌లో నువ్వు ట్రైనింగుకి వెళ్ళిపోతావు, ఈలోగానే బాప్తిస్మం కావాలని మీ నాన్న, మా మామయ్యగారు, పట్టుబట్టి, కాలువ నడుమ గొయ్యి తవ్వారు. ఆయన అరచేతులు బొబ్బలెక్కాయి. ఆడాళ్ళం బిందెలతో నీళ్ళు పోసి నింపాం. అప్పటికి నేను మీ ఇంటి కోడల్ని కాదు, ఎదురింటి పిల్లని. ఆ గోతిలోనే నువ్వు ముందు, నేను తరవాత మునిగాం. ఆ గొయ్యి తవ్వినాయన ఇప్పుడు లేరు. నువ్వు మళ్ళీ మునిగితే ఆయన తవ్వింది ఎందుకైనట్టు?

అరుగు మీద కూర్చో. చాప తీసుకెళ్ళు, నేల చల్లగా ఉంటుంది.

గేదె ఈనింది, పెయ్యదూడ. జున్ను నీకు పంపడానికి వీల్లేదు కాబట్టి నీ పేరు చెప్పి నేనే తిన్నాను.

సత్యవతి


తాటిదిబ్బ
30-11-1975

వదినకి,

ఇన్‌స్పెక్టరుగారు రేపు వస్తున్నారు. రెండు ముక్కలే రాస్తున్నాను. మనం మునిగిన రోజున నీళ్ళు ఎంతవరకూ ఉన్నాయి? నడుం దాకా వచ్చాయా? తల పూర్తిగా మునిగిందంటావా? అప్పుడు చూసినవాళ్ళలో ఎవరెవరు ఉన్నారు ఇప్పుడు? నీకు గుర్తున్నంతవరకూ రాయి. తొందరగా రాయి.

డబ్బా నూకయ్య చేతికిచ్చాను.

విజయ


మొగలిమూల
9-12-1975

విజయకి,

నీ ఉత్తరం మీ అన్నకి చదివి వినిపించలేదు. నేనే రెండుసార్లు చదువుకుని పెట్టెలో పెట్టాను.

తల మునిగిందంటావా అని నన్ను అడుగుతున్నావు. నీ తల సంగతి నీకు తెలియదా? ఇన్నేళ్ళూ లేని అనుమానం ఇప్పుడొచ్చిందంటే ఎవరు ఎక్కించారో నాకు తెలుసు. చదువుకున్నదానివి, నీకు లెక్కలు కావాలి. ఎన్ని అడుగుల నీళ్ళు, ఎంతమంది సాక్షులు. మా గోతి నీళ్ళు నీ హోదాకి చాలకపోతే చాలలేదని చెప్పు. పెద్ద కాలువలో, పారే నీళ్ళలో మునుగు. ఎవరొద్దన్నారు?

కొలత నాకు గుర్తులేదు. బిందె ఎత్తి భుజం వాచింది గుర్తుంది.

బియ్యం కుండలో పోశాను. అది నీ మీద కోపంతో ఆపేది కాదు.

సత్యవతి


మొగలిమూల
25-7-1976

విజయకి,

ఏడునెలలుగా నువ్వు ఉత్తరం రాయలేదు. నేనూ రాయలేదు. డబ్బా వస్తోంది కదా, పిల్ల బాగానే ఉందిలే అనుకుంటూ వచ్చాను. జూన్ నుంచి డబ్బా కూడా లేదు.

నిన్న నూకయ్య కాయలు దింపడానికి వచ్చాడు. డబ్బా ఏదిరా అన్నాను. “టీచరుగారు ఈసారి లేదన్నేరండి. కాలవరేవులో కనపడ్డేరు. నిలువునా తడిసిపోయి ఉన్నేరు. వాళ్ళ పాస్టరుగారింటోళ్ళు కూడా ఉన్నేరండి” అన్నాడు. అరుగు మీద కూర్చున్న మీ అన్న విన్నాడు. లేచి లోపలికి వెళ్ళి, ఆ పూట మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

మునిగావన్న మాట. మంచిదే. అన్నయ్యగారు, నువ్వు ఇప్పుడు ఒక పళ్ళెంలోంచే తీసుకుంటారు. ఇంట్లో ఇద్దరూ రెండు దారులు కాకూడదు, అదీ నిజమే. కాని చెప్పి మునగవలసింది. నూకయ్య చెప్పడమేమిటి? మామయ్యగారి గొయ్యి చాలలేదని మాకే ఒక కార్డు ముక్క రాసి ఉంటే మీ అన్న కనీసం నూకయ్య ముందు తల దించుకునేవాడు కాదు.

సమాజం పుస్తకంలో నీ పేరు కొట్టెయ్యమని మీ అన్న అన్నాడు. కలం తీశాను. సిరా లేదని చెప్పి పక్కన పెట్టాను.

సత్యవతి


తాటిదిబ్బ
6-8-1976

వదినా,

మునగలేదు. ముందు ఇది అన్నయ్యకి చదివి వినిపించి, ఆ తరవాత కింద చదువు.

నూకయ్య నన్ను రేవులో చూసింది నిజం. తడిసింది నిజం. పాస్టరుగారి భార్య మంగాయమ్మగారు పురుడు పోసుకున్నారు. వాళ్ళకి ఆడదిక్కు లేదు. పురిటి బట్టలు ఉతకడానికి రేవులో దిగితే మెట్టు పాచిపట్టి జారింది, మొల లోతున పడ్డాను, పాస్టరుగారింటివాళ్ళే లేపారు. అది నూకయ్యకి బాప్తిస్మంలా కనబడింది. ఇంకా నయం, ఈత అనుకోలేదు.

బియ్యం సంగతి. వానలకి చేలు మునిగి ఇక్కడ ఊడ్పులు ఆగాయి, కూలి లేదు, గుడికి కానుక లేదు. పాస్టరుగారింట్లో పొయ్యి వెలగడం లేదని బడిపిల్లలు చెప్పుకుంటుంటే విన్నాను. బాలింత గంజి తాగుతోంది. మా ఇంట్లో నిండిన డబ్బా ఉంది. మొగలిమూల కుండకి చేరేదాకా ఆగమని ఆవిణ్ణి అడగనా? తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ డబ్బాకేసి చూసి “ఇవి దేవుడి బియ్యం కదమ్మా, మీ దగ్గర మేం తీసుకోకూడదు గదా” అంటూనే ఎసట్లో పోశారు. అప్పట్నుంచీ డబ్బా అక్కడికే వెళ్తోంది. నీకు రాయాలని కూర్చున్నప్పుడల్లా నీ డిసెంబరు ఉత్తరం గుర్తొచ్చి కలం మూసేశాను.

ఇప్పుడు ఆ ప్రశ్నల సంగతి. ఇన్‌స్పెక్షను హడావుడిలో కారణం రాయకపోవడం నా పొరపాటే. అనుమానం నాది కాదు. ఇక్కడి పాస్టరుగారు మెత్తనివారు. “పూర్తిగా మునిగి బాప్తిస్మం తీసుకున్నదే అయితే మళ్ళీ అక్కర్లేదేమో, పెద్దలతో మాట్లాడతా” అన్నారు. పెద్దల్లో మోషేగారని ఒకాయన ఉన్నారు. కాలువల శాఖలో లస్కరుగా చేసి దిగిపోయినాయన. ఏ నెలలో ఏ లాకు తలుపులు వేస్తారో ఆయనకి నోటికి వచ్చు. నన్ను అడిగారు, ఎక్కడ మునిగావమ్మా అని. కాలువలో అన్నాను. ఎప్పుడు అన్నారు. మే నెలలో అన్నాను. ఆయన బయటికి వెళ్ళి “మే నెల్లో కాలవలో నీళ్ళెక్కడివి? టీచరమ్మ చెప్పేది నిజం కాదు” అన్నారట.

గొయ్యి అని అప్పుడే చెప్పవలసింది. నోరు రాలేదు వదినా. నలుగురు పెద్దల ముందు, ఊరి చెరువులోకి రానివ్వలేదు కాబట్టి గొయ్యి తవ్వుకున్నాం అని చెప్పడానికి సిగ్గేసింది. ఇప్పుడు చెబితే మాట మార్చానంటారు. ఊళ్ళో పిల్లలకి నిజం చెప్పాలని పాఠం చెప్పేదాన్ని, నన్నే అబద్ధాలకోరుని చేసి అరుగు మీద కూర్చోబెట్టారు. ఒక్కోసారి అనిపిస్తుంది, మునిగేస్తే నిమిషం పని. మీ అన్నయ్యగారు రొట్టె తీసుకుని కిటికీలోంచి నాకేసి చూసినప్పుడు మరీ అనిపిస్తుంది. రెండుసార్లు తువ్వాలు భుజాన వేసుకుని గడప దాకా వెళ్ళి తిరిగి వచ్చాను.

ఆ గోతిలో నాతో మునిగినదానివి నువ్వే. వచ్చి చెబుతావా?

విజయ


(పోస్టుకార్డు)
మొగలిమూల, 12-8-1976

శనివారం వస్తున్నాను. మీ అన్న రేవు దాకా దింపుతాడు. అమలాపురంలో బస్సెక్కుతాను. నాకోసం కోడిని కొయ్యొద్దు, చింతచిగురు పప్పు చాలు. ఆ లస్కరుగారిని ఇంటి దగ్గరే ఉండమను.

సత్యవతి


మొగలిమూల
24-8-1976

విజయకి,

క్షేమంగా చేరాను. రేవు దగ్గర వాన పట్టుకుంది. ఆఖరి పడవ తప్పిపోతుందని నీకు సరిగ్గా చెప్పకుండానే బస్సెక్కాను. సాక్ష్యం చెప్పేటప్పుడు నువ్వు లోపల ఉండకూడదని నిన్ను బయటికి పంపారు కదా, జరిగింది రాస్తున్నాను.

మోషేగారు మనిషి పొడుగు, మాట పొట్టి. “అమ్మా, మే నెల్లో మీ కాలవలో నీరుండదు. మీ ఆడపడుచుగారు కాలవలో మునిగేనంటారు. ఇసకలో మునిగేరా?” అన్నారు.

“ఆయ్, నీళ్ళు లేవండి” అన్నాను.

నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అన్నయ్యగారు నన్ను చూసి కళ్ళు మూసుకున్నారు. ఇంత దూరం వచ్చి కొంప ముంచింది అనుకుని ఉంటారు.

“మా మావయ్యగారు కాలవ నడుమ గొయ్యి తవ్వేరండి. చీలమండ దాకా ఊట వచ్చింది. మిగతాది మేం బిందెలతో పోసేం” అన్నాను.

“ఎక్కణ్ణుంచి తెచ్చేరు?”

“పుంత దారి అవతల రైతుగారి నూతి నించండి. మేం నుయ్యి ముట్టకూడదు. వాళ్ళావిడే తోడి మా బిందెల్లో పోసేరు. సాయంత్రానికి ఆవిడ చేతులు కూడా బొబ్బలెక్కేయి.”

ఇది విని పాస్టరుగారు తల దించుకున్నారు. మోషేగారు దించలేదు. “తల మునిగిందా?” అన్నారు.

“తల బాగానే మునిగిందండి. కాళ్ళే మునగలేదు” అన్నాను.

విజయా, ఇది నీకు తెలియదు. నేను గట్టు మీద నా వంతు కోసం నిలబడి చూశాను. నువ్వు పొడుగు, గొయ్యి పొట్టి. మన పాస్టరుగారు నిన్ను వెనక్కి వాల్చేసరికి నీ పాదాలు రెండూ నీళ్ళ మీదికి లేచాయి. పిల్లలు నవ్వారు. మామయ్యగారు నవ్వలేదు. పంచె ఎగ్గట్టుకోకుండానే గట్టు మీంచి గోతిలోకి దూకి, నీ పాదాలు రెండు చేతులతో పట్టుకుని నీళ్ళలోకి అదిమారు. నువ్వు కళ్ళు మూసుకుని లోపల ఉన్నావు. నువ్వు లేచేటప్పటికి ఆయన గట్టెక్కి పంచె పిండుకుంటున్నారు. ఆ పంచె ఎందుకు తడిసిందని నువ్వు అడగలేదు, ఆయన చెప్పలేదు. మళ్ళీ నా వంతుకి ఎవరూ దూకలేదు. నేను పొట్టి.

ఇదంతా చెప్పాను. మోషేగారు “అయితే కాళ్ళూ మునిగేయన్న మాట” అన్నారు. “ఆయ్” అన్నాను. “వెళ్ళిరండమ్మా” అన్నారు. అంతే. ఒప్పుకున్నదీ లేనిదీ ఆయన మొహంలో కనబడలేదు.

చింతచిగురు పప్పులో ఉప్పు మరిచిపోయావు.

సత్యవతి


తాటిదిబ్బ
6-9-1976

వదినా,

నీ ఉత్తరం బడిలో అందింది. చదివి, పిల్లలకి లెక్కలిచ్చి, బయటికి వెళ్ళి నిలబడ్డాను. నాన్న చేతులు నా కాళ్ళకి తగిలిన గుర్తేదైనా ఉందేమోనని ఎంత ఆలోచించినా లేదు. గోతి అడుగున బురద పట్టుకుందని అనుకున్నాను, అంతే గుర్తు.

పెద్దలు ఒప్పుకున్నారు. నిన్న మొదటి ఆదివారం. ఆరాధనకి ముందు పాస్టరుగారు అందరికీ చెప్పారు, సహోదరి విజయకుమారి బాప్తిస్మం సరైనదేనని, ఇక బల్లలో పాలుందని. మంగాయమ్మగారు పసిపిల్లని ఒళ్ళో పెట్టుకుని నా పక్కన చోటు చేశారు. పళ్ళెం వచ్చింది. నేను లేచి నిలబడి “మా వదిన కూడా ఆ గోతిలోనే మునిగింది. ఆవిడ వస్తే ఇస్తారా?” అని అడిగాను. మోషేగారు “మీరు మా సంఘంలో చేరేరు. ఆవిడ వేరే సంఘం. అది వేరండి” అన్నారు.

నాకు ఏమైందో తెలియదు. అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను. ఇంటికి వచ్చాక మీ అన్నయ్యగారు “నీకు తలుపు తీసినా తప్పే, వేసినా తప్పే” అన్నారు. ఆయన మీద కోపం రాలేదు. రాత్రి వండిన అన్నం అలాగే ఉండిపోయింది.

విజయ


మొగలిమూల
13-9-1976

విజయకి,

నీకు పిచ్చి. నేను రెండు బస్సులు, ఒక పడవ ఎక్కి, వానలో తడిసి, ఆ లస్కరు ముందు నిలబడి సాక్ష్యం చెప్పింది నువ్వు మళ్ళీ అరుగెక్కడానికా? రొట్టె చేతికొస్తే తినాలి. నా రొట్టె నాకు ఇక్కడ ఉంది.

మీ అన్నకి నీ ఉత్తరం వినిపించాను. నిన్ను తిడతాడనుకున్నాను. బీడీ వెలిగించకుండా పట్టుకుని, “వచ్చే మొదటి ఆదివారం మనం వెళ్దాం” అన్నాడు. ఇస్తే ఇస్తారు, లేకపోతే ముగ్గురం అరుగు మీద కూర్చుందాం అంటున్నాడు. మొండితనం మీ వంశంలోనే ఉంది. గొయ్యి చాలకపోతే గోతిలోకి దూకే రకం.

సత్యవతి


తాటిదిబ్బ
22-9-1976

వదినా,

రండి. ఇక్కడ ఎవరూ ఏమీ తేల్చలేదు. పెద్దలు రెండుసార్లు కూడి లేచిపోయారు. మోషేగారు దారిలో కనబడితే నేను పక్క వీధిలోంచి వెళ్తున్నాను. మీకు అవమానమవుతుందేమోనని భయంగా ఉంది. అయినా రండి.

విజయ


మొగలిమూల
6-10-1976

విజయకి,

ఇల్లు చేరాం. పెయ్యదూడ తాడు తెంపుకుని వరహాలమ్మగారి ఆకుకూర మడి మేసిందట, వచ్చీరాగానే ఆవిడతో మాటలు పడ్డాను.

ఆదివారం పళ్ళెం వచ్చినప్పుడు నువ్వు తల వంచుకుని కళ్ళు మూసుకున్నావు. అందుకని నువ్వు చూడనిది రాస్తున్నాను. పళ్ళెం పట్టుకున్నది మోషేగారు. నీకిచ్చారు. నా ముందుకొచ్చి ఆగారు. నేను చెయ్యి చాపలేదు, ఒళ్ళోనే పెట్టుకున్నాను. పాస్టరుగారికేసి చూశారు. ఆయన పాట పుస్తకంలోంచి తల ఎత్తలేదు. మంగాయమ్మగారు మాత్రం సూటిగా చూస్తున్నారు. అప్పుడు మోషేగారు కిందికి వంగి, నాకొక్కదానికే వినబడేలా “గొయ్యి ఒకటేనా అమ్మా?” అన్నారు. “ఒకటేనండి, నీళ్ళు కూడా మార్చలేదు” అన్నాను. పళ్ళెం నా ఒడి దగ్గరికి వంచారు.

మీ అన్న సంగతి నీకు తెలిసిందే. తను మునిగింది శ్రావణంలో, నిండు కాలువలో, పారే నీళ్ళలో. నీళ్ళకి లోటు లేదు గాని చూసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పళ్ళెం రాకముందే తనంతట తను లేచి నీ అరుగు మీద నీ చాప పరుచుకు కూర్చున్నాడు. నువ్వు వంటింట్లో ఉండగా మోషేగారు వచ్చి మీ అన్న పక్కన కూర్చున్నారు. ఆ ఏడాది లాకులు ఎప్పుడు తీశారో ఇద్దరూ లెక్కలు వేసుకున్నారు. బల్ల సంగతి ఇద్దరూ ఎత్తలేదు. పడవలో అడిగితే “ఇంకా తేలలేదు” అన్నాడు మీ అన్న. మళ్ళీ వెళ్తావా అంటే, వెళ్తానన్నాడు.

రొట్టె అడుగున మాడింది. బాలింత చేతులు, ఏమనలేం. పెనం కింద సెగ తగ్గించమని చెప్పు.

మొన్న నువ్వు మాతో ఇచ్చి పంపిన డబ్బా నూకయ్య చేత పంపుతున్నాను. ఖాళీగా పంపకూడదని అరటికాయ చిప్స్ పోశాను. నిండాక ఇక ఇటు పంపకు. మంగాయమ్మగారింట్లో ఒక కుండ పెట్టించి, అక్కడి ఆడాళ్ళకి అలవాటు చెయ్యి. సమాజం పుస్తకంలో నీ పేరు నేనే కొట్టేశాను. సిరా బాగానే ఉంది.

సత్యవతి